కుక్క దగ్గర కంపు ఎక్కడినుంచి?

చిలమత్తూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"మా ఇంట్లో ఏడేళ్ళ ఆడకుక్క ఉంది. నాటుదే. నెల రోజులుగా దాని దగ్గర భరించలేని కంపు వస్తోంది. వారం వారం షాంపూతో స్నానం చేయిస్తున్నాం. వేపాకు కాచిన నీళ్ళు కూడా పోస్తున్నాం. ఒక పూట గడిచేసరికి మళ్ళీ అదే కంపు. ఎండలకు కాబోలు, ఈమధ్య నీళ్ళు తెగ తాగుతోంది. సంకటి పెడితే మూతి తిప్పుకుంటోంది. మా అత్తగారు దాన్ని వసారాలోకి రానివ్వటం లేదు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హోటళ్ళున్నాయి, అక్కడ వదిలేస్తే అదే బతుకుతుందిలే అంటున్నారు మావారు. దయచేసి మంచి షాంపూ ఏదైనా చెప్పండి."

అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా జవాబు వేశాను. పత్రికలో వచ్చేదాకా ఆగే విషయం కాదది. ఇక్కడ రాస్తున్నది ఇలాంటి సమస్యే ఉన్న మిగతా పాఠకుల కోసం. మీరూ చదవండి.

ఉత్తరంలో కంపు గురించి ఆరు వాక్యాలు రాసి, నీళ్ళ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు భయం వేసింది ఆ ఒక్క వాక్యం దగ్గరే. ఆపరేషను చేయించని ఆడకుక్క, నడివయసు, తిండి తగ్గింది, నీళ్ళు పెరిగాయి, పైగా కంపు. ఈ అయిదూ కలిసి కనిపించినప్పుడు ఏ పశువుల డాక్టరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎదకు వచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఎద అయిపోయిన తరువాత, కడుపు నిలిచినా నిలవకపోయినా, దాదాపు రెండు నెలలపాటు ఒంట్లో ప్రొజెస్టరోన్ అనే హార్మోను ఎక్కువగానే ఉంటుంది. దాని ప్రభావంవల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఎద సమయంలో గర్భసంచి ద్వారం తెరుచుకుని ఉన్నప్పుడు పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు లోపలికి చేరితే, అక్కడ వాటికి కావలసినంత మేత. నాలుగు నుంచి ఎనిమిది వారాలలో గర్భసంచి చీముతో నిండిపోతుంది. డాక్టర్లు దీన్ని పయోమెట్రా అంటారు. ఆ సూక్ష్మజీవుల విషం మూత్రపిండాలమీద పనిచేయటంవల్ల కుక్క కుండలకొద్దీ నీళ్ళు తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. కొన్నిటికి వాంతులవుతాయి. తోక కింద నుంచి పసుపుగానో, ఎర్రమట్టి రంగులోనో చీము కారుతుంది. కాని కుక్క శుభ్రమైన జంతువు, ఎప్పటికప్పుడు నాకేసుకుంటుంది. అందువల్ల ఇంట్లోవాళ్ళకు చీము కనిపించదు, కంపు మాత్రం తెలుస్తుంది.

ఒక రకంగా కంపు రావటం అదృష్టం. కొన్ని కుక్కలలో గర్భసంచి ద్వారం మూసుకుపోతుంది. చీము బయటికి రాదు, వాసనా ఉండదు. పొట్ట మాత్రం ఉబ్బుతుంది. కడుపుతో ఉందని సంబరపడుతుంటారు, అంతలో మీదికొస్తుంది. అది మరీ ప్రమాదం.

ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి. స్వీడన్ దేశంలో కుక్కలకు కూడా బీమా చేయిస్తారు. ఆ బీమా లెక్కలను బట్టి చూస్తే, ఆపరేషను చేయించని ఆడకుక్కల్లో పదేళ్ళు వచ్చేలోపు ప్రతి నాలుగైదింటిలో ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. ఒకసారి పిల్లల్ని పెడితే ఇక రాదని మన ఊళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. పెట్టినవాటికీ వస్తుంది. దీనికి నమ్మకమైన వైద్యం గర్భసంచిని, అండాశయాలను తీసివేసే ఆపరేషను. మందులతో తగ్గించే పద్ధతి ఉన్నా, మరో ఎద తరువాత తిరగబెట్టటం మామూలు.

మీ కుక్కకు ఉన్నది ఖచ్చితంగా ఇదేనని ఉత్తరం చూసి చెప్పలేను. మూత్రపిండాలు చెడినా నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అప్పుడు నోటినుంచి మూత్రం వాసన వస్తుంది. చక్కెర వ్యాధిలోనూ దాహమే. ఈ మూడింటిలో ఏదైనా షాంపూకు లొంగేది కాదు. నీళ్ళు నిజంగా ఎక్కువ తాగుతోందా అన్న అనుమానం ఉంటే కొలిచి చూడండి. దొడ్లో తొట్లు, బకెట్లు మూసేసి, ఒక గిన్నెలో కొలిచిన నీళ్ళే పెట్టి, మర్నాడు అదే వేళకు మిగిలింది తీసెయ్యండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టే. అంటే పదిహేను కిలోల కుక్కకు లీటరున్నర. ఎండాకాలం కొంత పెరుగుతుంది, నిజమే. కాని ఎండకు తాగే కుక్క తిండి మానెయ్యదు. మీ ఉత్తరంలో రెండూ ఉన్నాయి, కాబట్టి మీరు కొలుస్తూ కూర్చోకండి, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మీ ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో చూపించండి. స్కానింగు, ఆపరేషను అక్కడ వీలుకాదంటే హిందూపురం. అక్కడా కాకపోతే కొడికొండ మీదుగా పోయే బెంగుళూరు హైవే మీదే, ఊరి నడిబొడ్డుకు పోకముందే, హెబ్బాళ్‌లో పశువైద్య కళాశాల ఉంది. కుక్కను వదిలెయ్యటానికి చెక్‌పోస్టు దాకా ఆటో మాట్లాడుకునేవారు ఇంకాస్త ముందుకు వెళ్ళవచ్చు.

ముక్కుతో వెతకటం

ఇక మిగతా పాఠకులకు. కుక్క కంపు కొడుతోంది అనగానే ఒళ్ళంతా తోమేస్తాం. నిజానికి కంపు ఒళ్ళంతా పుట్టటం తక్కువ. నోట్లోనో, చెవిలోనో, తోక కిందనో, ఏదో ఒక మూల పుడుతుంది. నాకుడువల్ల, గోకుడువల్ల ఒళ్ళంతా అంటుకుంటుంది. ఆ మూల తెలుసుకుంటే సగం వైద్యం అయినట్టే.

అందుకని మూడు రోజులు స్నానం మానెయ్యండి. పౌడర్లు, సెంట్లు కూడా వద్దు. నాలుగో రోజు పొద్దున్నే పాత తెల్లటి గుడ్డను పది ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్కతో ఒక్కో చోట తుడవండి: పెదవి అంచు, కుడి చెవి, ఎడమ చెవి, మెడ పట్టీ కింద, చంకలు, వేళ్ళ సందులు, నడుము, తోక మొదలు, మలద్వారం పక్కన, మూత్రం పోసే చోట. ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుని, కుక్క లేని చోటికి తీసుకుపోయి ఒక్కొక్కటీ వాసన చూడండి. మీరు చూడటంకంటే పక్కింటివారిని చూడమంటే మరీ మంచిది. ఒకే వాసనలో రోజూ ఉంటే మన ముక్కు దాన్ని పట్టించుకోవటం మానేస్తుంది. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడే కుక్క కంపు బయటపడటానికి కారణం ఇదే. పక్కింటావిడ నవ్వుతుందేమో. నవ్వనివ్వండి. ఈ పరీక్షకు ఖర్చు పాత గుడ్డ ఒక్కటే.

నోరు తెరిచేముందు

అన్నిటికంటే ఎక్కువగా కంపు పుట్టేది నోట్లో. అయితే దాని నోట్లో చెయ్యి పెట్టేముందు ఒక్క మాట, ఇది ప్రాణానికి సంబంధించింది.

పిచ్చికుక్క అంటే మీదపడి కరిచేదే అని అందరూ అనుకుంటారు. రేబిస్‌లో ఇంకో రకం ఉంది. కుక్క అరవదు, కరవదు. కింది దవడ జారిపోయి నోరు మూయలేదు. చొంగ కారుస్తుంది, నీళ్ళు మింగలేదు, గొంతు మారుతుంది. చూసినవారికి గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనిపిస్తుంది. జాలిపడి నోట్లో చెయ్యి పెడతారు. చేతిమీద చిన్న గీత ఉన్నా ఆ చొంగలోని విషక్రిమి ఒంట్లోకి పోవటానికి చాలు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకటం దాదాపు లేదు. కాబట్టి ఉన్నట్టుండి నోరు వేలాడేసుకున్న కుక్కను, అందులోనూ రేబిస్ టీకా వేయించనిదాన్ని, తాకకండి. పిల్లల్ని దూరంగా ఉంచి పశువుల డాక్టరుకు కబురు చెయ్యండి. ఇప్పటికే చెయ్యి పెట్టి ఉంటే, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని అదేరోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకోండి. పసుపు, కారం, సున్నం లాంటివి పూయకండి.

టీకా వేయించిన, తిని తిరుగుతున్న కుక్క అయితే పెదవి పైకెత్తి చూడవచ్చు. నోరు పూర్తిగా తెరవనక్కరలేదు. పళ్ళ మొదట్లో గోధుమరంగు గార గట్టిగా పేరుకుని, చిగురు ఎర్రగా ఉంటే కంపుకు మూలం అదే. గార కింద పెరిగే సూక్ష్మజీవులు గంధకపు వాయువులు పుట్టిస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వాటిదే. పొమరేనియన్‌లాంటి చిన్న కుక్కలలో ఇది మరీ ఎక్కువ. గారను డాక్టరు మత్తు ఇచ్చి తీస్తారు. గోటితోనో, స్క్రూడ్రైవరుతోనో గీకకండి. ఇంట్లో కుక్కల పేస్టుతో పళ్ళు తోమటం అలవాటు చెయ్యవచ్చు, కాని మనుషుల పేస్టు పనికిరాదు. మనం ఉమ్మేస్తాం, కుక్క మింగుతుంది.

కంటి కింద బుగ్గమీద వాపు వచ్చి, పగిలి, చీము కారుతుంటే చాలామంది కళ్ళమందు వేస్తుంటారు. ఆ జబ్బు పైదవడలోని పెద్ద పన్ను వేరుది. పన్ను తీయిస్తే తప్ప మానదు. ఇక మాంసం తిన్న రెండు మూడు రోజులకు హఠాత్తుగా నోటికంపు మొదలై, కుక్క ముందరికాళ్ళతో మూతి గోక్కుంటుంటే, ఎముక ముక్క అంగిలికి అడ్డంగా పళ్ళ మధ్య బిగుసుకుందేమో చూపించాలి. చూడటం, తీయటం డాక్టరు చేతిలోనే జరగాలి. ఎందుకో పైన చెప్పాను. ముసలి కుక్కకు నోట్లో గడ్డలు కూడా రావచ్చు.

చెవి, తోక

చెవినుంచి పులిసిన పిండి వాసన, ముదురు గోధుమరంగు గులిమి, తల విదిలించటం, గోకబోతే మూలగటం. ఇవి కనబడితే చెవి లోపల బూజుజాతి క్రిమి పెరిగినట్టు. చీము వాసన వస్తే బాక్టీరియా కూడా చేరిందన్నమాట. కుక్క చెవి గొట్టం మన చెవిలాగా తిన్నగా ఉండదు, కిందికి దిగి లోపలికి వంపు తిరుగుతుంది. అందుకే స్నానం నీళ్ళు పడితే నిలిచిపోతాయి. వారం వారం స్నానం చేయించే ఇళ్ళలో, వాసన పోవాలని పోసే నీళ్ళే వాసనకు కారణమవుతుంటాయి. చెవులు వేలాడే ల్యాబ్రడార్, కాకర్ జాతులకు ఇది ఎక్కువ. పొలం గట్లమీద తిరిగే కుక్కల చెవుల్లో గడ్డిముళ్ళు, ఉత్తరేణి గింజలు దిగి చీము పట్టటమూ ఉంది. అప్పుడు సాధారణంగా ఒక్క చెవే కంపు కొడుతుంది.

పుల్లకు దూది చుట్టి లోపలికి పొడవకండి, ఉన్న మురికి ఇంకా లోతుకు పోతుంది. మందుల షాపులో అడిగి చుక్కలు వేయటమూ వద్దు. చెవిపొర చిల్లుపడి ఉన్నప్పుడు కొన్ని మందులు పడితే కుక్కకు చెవుడు వస్తుంది. పొర బాగుందో లేదో చూసినవారే మందు రాయాలి.

మురిగిన చేప వాసన ఉన్నట్టుండి గుప్పుమని కొట్టి, కాసేపటికి తగ్గితే తోక వైపు చూడండి. మలద్వారానికి రెండు పక్కలా, గడియారంలో 4, 8 అంకెలుండే చోట రెండు చిన్న తిత్తులుంటాయి. కుక్కలు ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపట్టేందుకు దేవుడిచ్చిన విజిటింగు కార్డులవి. భయపడితే ఖాళీ అవుతాయి, మామూలుగా మలంతోపాటు కొంచెం కొంచెం పోతుంది. మలం పలచనై ఆ ఒత్తిడి లేకపోతే పూడుకుంటాయి. కుక్క పిర్రలు నేలకేసి ఈడ్చుకుంటూ పోతుంది. కడుపులో పురుగులని ప్రతిసారీ నులిపురుగుల మందు పోస్తారు. డాక్టరు చేత తిత్తులు పిండిస్తే ఆ క్షణమే ఉపశమనం. పక్కన వాచి ఎర్రబడితే చీము పట్టినట్టే, ఆలస్యం చెయ్యవద్దు. ఏ ఇబ్బందీ లేని కుక్కకు నెలనెలా పిండించటం మాత్రం అనవసరం.

వీధుల్లో తిరిగే కుక్కలకు మూత్రం పోసే చోట కాలీఫ్లవరు పువ్వులాంటి గడ్డ వచ్చి నెత్తురు చుక్కలు, కంపు ఉండవచ్చు. ఇది జత కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటే కంతి. మన దేశంలో చాలా ఎక్కువ. పేరు క్యాన్సరే అయినా దీని గురించి అంత బెంగ అక్కరలేదు. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షను వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలావరకు పూర్తిగా మానిపోతుంది. అంతదాకా కుక్కను బయటికి వదలకూడదు.

చర్మం, మెడపట్టీ

చర్మమంతా జిడ్డుగా, మాడిన నూనె కంపుతో, చంకల్లో, మెడ కింద నల్లగా ఏనుగుతోలులా మందమై ఉంటే, అది కూడా చెవిలో చెప్పిన బూజుజాతి క్రిమి పనే. కాని అది దానంతట అది రాదు. వెనక తిండి పడకపోవటమో, పిడుదులో, గజ్జో, థైరాయిడ్ లోపమో ఉంటుంది. షాంపూ అడిగిన వారికి జవాబు ఇక్కడుంది. డాక్టరు రాసిన మందు షాంపూ పట్టించి పది నిమిషాలు గడియారం చూసి అలాగే ఉంచాలి. రుద్ది వెంటనే కడిగేస్తే ఎంత ఖరీదైనదీ దండగే. మనుషుల సబ్బు కుక్క చర్మానికి సరిపడదు.

హైవే పక్క ఊళ్ళలో గజ్జి కుక్కకు మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజను ఆయిలు తెచ్చి పూస్తుంటారు. పల్లెల్లో పిడుదులకు పంటకు కొట్టే మందు చల్లుతారు. ఇంట్లో ఫినాయిలు నీళ్ళు పోస్తారు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, పూసిందంతా కడుపులోకి పోతుంది. రోగం కంటే ముందు ఆ మందే చంపుతుంది. నొప్పిగా ఉందని మనం వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయటమూ అంతే, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మెడపట్టీ విప్పి చూడని ఇళ్ళు ఎన్నో. కుక్కపిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాను తాడు, అది పెరిగినకొద్దీ చర్మంలోకి కోసుకుపోతుంది. పైన బొచ్చు కప్పేస్తుంది. కంపు వచ్చేసరికి తాడు కండలో ఉంటుంది. పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ఇవాళే చూడండి. అలాంటి పుండుమీద, చెవి వెనక, తోక కింద ఈగలు వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. ఆ కంపు ఒకసారి తెలిసినవారు మరిచిపోరు. పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది, లోపల గుహ ఉంటుంది. కిరోసిను, పెట్రోలు పోయకండి. డాక్టరు పురుగుల్ని పూర్తిగా తీసి, మందు వేసి, రెండు మూడు రోజులు వరుసగా చూడాల్సి ఉంటుంది.

ఇవేవీ లేకుండా తడిసినప్పుడు మాత్రమే వచ్చే వాసనకు వైద్యం అక్కరలేదు. అది కుక్క వాసన. పెంటకుప్పలో పొర్లి వచ్చినా అంతే, అక్కడ స్నానం చాలు.

వదిలెయ్యటం గురించి రెండు మాటలు. ఏడేళ్ళు ఒక ఇంటి గుమ్మం ముందు బతికిన కుక్కకు హోటళ్ళ ముందు అడుక్కోవటం రాదు. అక్కడి కుక్కలు రానివ్వవు, లారీలు ఆగవు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను. మీవారికి ఇది చూపించండి. మీ అత్తగారి మీద మాత్రం నాకు కోపం లేదు. అందరికంటే ముందు ఇంట్లో ఏదో తేడా ఉందని పసిగట్టింది ఆవిడే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కుక్కకు స్నానం చేయించకండి, సాక్ష్యం కడిగేసినట్టవుతుంది. చివరిసారి ఎదకు వచ్చిన తేదీ, టీకాల చీటీ, రోజుకు తాగే నీళ్ళ లెక్క, ఏ గుడ్డముక్క కంపు కొట్టిందో ఒక కాగితంమీద రాసుకువెళ్ళండి. పొద్దున్నే మూత్రం కొంచెం శుభ్రమైన సీసాలో పట్టుకోగలిగితే ఇంకా మంచిది. తిరిగి వచ్చాక అది పడుకునే గోనెసంచి తీసి పారెయ్యండి. జబ్బు తగ్గినా ఆ సంచీలోని కంపు ఇంకో నెల ఉంటుంది, మందు పనిచెయ్యలేదని మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు.